మధుపర్కానికి వంగపండు రంగు

పోయినవారం కథ ఆగేసరికి నాగరత్నం రాజమండ్రిలో ఆడపడుచు పాపాయి ఇంటి ముందు ఆటో దిగింది. ఒంటిమీద వంగపండు రంగు చీర. ఆ చీర పుట్టుపూర్వోత్తరాలు ఆవిడకీ మనకీ తప్ప మూడో మనిషికి తెలియవు. గుర్తున్నవాళ్ళు ఈ నాలుగు ముక్కలూ దాటేసి నేరుగా గుమ్మంలోకి నడవొచ్చు. మిగిలినవాళ్ళ కోసం చెబుతున్నాను.

రేపు పాపాయి కూతురు శ్రీదుర్గ పెళ్ళి. ఇంటి ఆడవాళ్ళంతా ఒకే రంగు పట్టుచీరల్లో కనిపించాలని, ఫోటోలు నిండుగా రావాలని పాపాయి చాలా ముందే ఫోన్ గ్రూపులో ఆజ్ఞ వేసింది. చీరలు ఆవిడే ఎంచుతుంది, డబ్బు మాత్రం ఎవరిది వాళ్ళు పంపించుకోవాలి. కడియంలో నాగరత్నానికీ, ఆవిడ భర్త నాగేశ్వరప్రసాద్‌కీ చిన్న నర్సరీ ఉంది. మొన్నటి గాలివానకు మొక్కల మీద కట్టిన షేడ్‌నెట్ పేలికలైపోయింది. ఎండలు చూస్తే ముదిరిపోయాయి. ఒక్కరోజు కట్టి బీరువాలో పడేసే చీర ఖరీదుతో సగం తోటకి నెట్ వస్తుంది. అక్కడ మొక్కలు మాడిపోతుంటే ఇక్కడ నేను పట్టుచీరలో ఫోటో దిగాలా అని నాగరత్నానికి ఒళ్ళు మండింది. అందరూ చూస్తుండగానే గ్రూపులో రాసింది: "నా దగ్గర చీర ఉందండి వదినగారూ. రంగు సరిపోతే చాలు కదండీ?" పాపాయి ఆ సమయానికి ఏ కొట్లో బేరమాడుతోందో ఏమో, "రంగు సరిపోతే చాలు" అని రాసి బొటనవేలి బొమ్మ పెట్టేసింది.

ఆ మాట పట్టుకుంది నాగరత్నం. బీరువా అడుగున ఇరవై రెండేళ్ళుగా మడతలో ఉన్న తన మధుపర్కాన్ని బయటికి తీసింది. పెళ్ళిలో ముహూర్తం వేళ పీటల మీద కట్టిన తెల్లటి నేతచీర, ఎర్రటి రుద్రాక్ష అంచు. ఆ కాసేపు కట్టడమే తప్ప దాన్ని మళ్ళీ ఎవరూ కట్టరు, అలాగని ఎవరూ పారెయ్యరు. నాగరత్నం దాన్ని నానబెట్టి, పసుపు మరకలు వదలగొట్టి, రంగులు వేసే కొట్లో ఇచ్చి వంగపండు రంగు వేయించింది. నానబెట్టినప్పుడు లోపలి చెంగు మూల ఒక చిన్న నల్లటి గుర్తు కంటపడింది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది. ఆ వారమంతా ప్రసాద్ ఆ బీరువా అడుగునే ఏదో వెతుకుతూ కనిపించాడు. ఏంటండీ అంటే పాత పాస్‌బుక్కు అన్నాడు. ఆవిడ చీర సంగతి చెప్పలేదు, ఆయన పాస్‌బుక్కు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇలాంటి సర్దుబాట్లతోనే చాలా కాపురాలు నడుస్తాయి.

ఇక లోపలికి వెళదాం.

గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే నాగరత్నానికి హాల్లో మాటలు వినిపించాయి.

"అమ్మా, మధుపర్కం ఏదే? సాయంత్రం దేవుడి దగ్గర పెట్టాలి," అంటోంది పాపాయి, నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ. "మగపెళ్ళివారు తెస్తామంటే వద్దన్నాను. మా పుట్టింటి ఆనవాయితీ, మా అమ్మ చేతుల మీదుగానే రావాలి అని పంతులుగారి ముందు గొప్పగా చెప్పాను."

"ప్రసాద్ తెచ్చాడేమో అడుగు," అన్నారు మంగాయమ్మగారు. పాపాయికీ ప్రసాద్‌కీ తల్లి, నాగరత్నానికి అత్తగారు. మనవరాలి పెళ్ళని పది రోజుల ముందే కడియం నుంచి వచ్చి కూర్చున్నారు. దివాను మీద కాళ్ళు ముడుచుకుని, తడిగుడ్డతో తమలపాకులు తుడుస్తున్నారు.

ప్రసాద్ నిన్ననే అరటిపిలకలూ మామిడాకులూ వ్యాన్లో వేసుకుని వచ్చేశాడు. గుమ్మం పక్కన నిచ్చెనెక్కి తోరణం కడుతున్న ఆ మనిషి తల్లి మాట వినబడనట్టు పురికొస ముడి మీదే చూపు పెట్టాడు. నాగరత్నం నిచ్చెన పక్క నుంచి లోపలికి నడిచింది. భార్యను పైనుంచి కిందికి చూసి ఆయన చేతిలో మామిడాకు జారిపోయింది. చీర బాగుందనుకున్నాడేమో అనుకుని ఆవిడ కొంచెం సంతోషించింది కూడా.

హాలు నిండా చుట్టాలు. మంగళస్నానం అయిన శ్రీదుర్గను కుర్చీలో కూర్చోబెట్టి, మేకప్ చేసే ఆవిడ ఆ పిల్ల ముఖానికి ఏవేవో పులుముతోంది. పెళ్ళికూతురి పని అయ్యాక చుట్టాలకి కూడా తలకింతని పుచ్చుకుని చేస్తుందట. అప్పుడే ఆడవాళ్ళు గ్యాసు బండ కోసం నిలబడ్డట్టు వరస కట్టేశారు. నాగరత్నం ఇంటి దగ్గరే ముఖం కడుక్కుని, పౌడరు రాసుకుని, దొడ్లో పూసిన జాజిపూలు తురుముకుని వచ్చింది. మెడలో తన నల్లపూసలు, చేతులకి తన గాజులు. అద్దె నగలు లేవు. తనకి ఏ లోటూ కనిపించలేదు.

"వచ్చావా అత్తా," అంది శ్రీదుర్గ, పెదాలు కదపొద్దని మేకప్ ఆవిడ చెబుతున్నా వినకుండా. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ పిల్ల కడియంలోనే గడిపింది. నాగరత్నం వెనకాల తిరుగుతూ మొక్కలకి నీళ్ళు పోసేది, మట్టి చేతులతోనే ఆవిడ కొంగు పట్టుకునేది. రేపు మేనమామ ప్రసాద్ పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకెళ్ళేటప్పుడు, ఆ బుట్ట మీద చెయ్యి వేసి పక్కనే నడవాల్సింది అత్త నాగరత్నమే. ఈ పెళ్ళిలో ఆవిడ కోరుకున్నది అదొక్కటే. మిగతా ఆర్భాటమంతా ఎవరిదో అయినా ఆ పది అడుగులూ తనవి.

పాపాయి ముఖం వెలిగిపోయింది. "చూశారా, మా మరదలు వచ్చేసింది. గ్రూపులో ఎంత బింకం పోయినా చివరికి చీర కొనుక్కునే వచ్చింది. మా అమ్మాయి పెళ్ళికి ఆ మాత్రం చెయ్యదేంటి."

"కొనలేదు వదినగారూ," అంది నాగరత్నం నవ్వుతూ. "నా దగ్గరుందని చెప్పానుగా."

పాపాయి తోడికోడలు రమ్యశ్రీ దగ్గరికి వచ్చి కొంగు చేత్తో పట్టుకుని చూసింది. ఫోన్ గ్రూపు నడిపేది ఆవిడే. "పట్టు కాదండీ ఇది. నేతచీరలా ఉంది. కానీ ఎంత మెత్తగా ఉందో. ఇలాంటి నేత ఇప్పుడు రావట్లేదండీ, ఎక్కడ తీసుకున్నారు?"

రమ్యశ్రీకి మనసులో ఏమీ లేదు పాపం. కానీ ఆవిడ కొంగు ఎత్తి పట్టుకోవడంతో అంచు వెలుగులోకి వచ్చింది. ఎర్రంచు మీద వంగపండు రంగు పడి నల్లకుంకుమ రంగుకి తిరిగింది. రంగు మారినా రుద్రాక్షల వరస మాత్రం ఎక్కడికీ పోలేదు. పాపాయి దగ్గరికొచ్చి, అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని నలిపి చూసింది. ఆవిడ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఇది మధుపర్కం కాదూ?"

"అవునండి."

"ఎవరిది?"

"నాదే."

తాంబూలాలు సర్దుతున్నవాళ్ళు సర్దడం ఆపేశారు. మేకప్ ఆవిడ చేతిలో బ్రష్షు గాల్లో ఉండిపోయింది. ఇద్దరు ముగ్గురు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళందరి బీరువాల్లోనూ అలాంటి తెల్లచీర ఒకటి ఉంది, దాన్ని బయటికి తియ్యాలన్న ఆలోచన ఒక్కరికీ ఎప్పుడూ రాలేదు.

"మధుపర్కానికి రంగు వేయించావా నాగరత్నం?" పాపాయి గొంతు తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గించిందంటే అరిచినదానికన్నా ఎక్కువ. "మా తమ్ముడు పక్కన కూర్చుని నీ మెళ్ళో తాళి కట్టినప్పుడు ఒంటిమీదున్న చీర అది. దాన్ని పట్టుకెళ్ళి పాత దుప్పటికి వేయించినట్టు రంగు వేయించుకొచ్చావా? వాడు నిక్షేపంలా ఉండగా చేసే పనేనా ఇది? అదీ నా కూతుర్ని పెళ్ళికూతుర్ని చేసే రోజున?"

"ఆయన నిక్షేపంలానే ఉన్నారు, అదిగో నిచ్చెన మీద," అంది నాగరత్నం. "రంగు సరిపోతే చాలన్నారు వదినగారూ. సరిపోయిందో లేదో చూడండి."

అంటూనే తన కొంగు తీసి పాపాయి పట్టుచీర కొంగు పక్కన పెట్టింది. రంగులు వేసే ఆయన పనిమంతుడు. ఫోన్లో ఫోటో చూపించి ఇదే రంగు కావాలంటే సరిగ్గా అదే తెప్పించాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమని నవ్వి, వెంటనే దగ్గు తెచ్చుకున్నారు.

పాపాయి తన కొంగు లాగేసుకుంది. ఆవిడ చెడ్డమనిషి అనుకునేరు, కాదు. ఎవరికి జ్వరమొచ్చినా ముందు పరుగెత్తే మనిషే. కానీ నలుగురిలో తన మాట చెల్లకపోతే మాత్రం ఆవిడకి ఊపిరాడదు. లోపలి గదిలోకి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పట్టుచీర, అందరిదీ ఎలాంటిదో అలాంటిదే.

"నువ్విలాంటిదేదో చేస్తావని నాకు తెలుసు. అందుకే నీక్కూడా ఒకటి తీసి ఉంచాను. డబ్బు సంగతి నీకెందుకు, మా తమ్ముడు సర్దుతానన్నాడు. లోపలికెళ్ళి మార్చుకుని రా. ఈ మాట ఇక్కడితో మరిచిపోదాం."

నాగరత్నం నిచ్చెన వైపు చూసింది. ప్రసాద్ నిచ్చెన దిగి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"సర్దుతానన్నారా?" అని అడిగింది.

"అక్క అడిగితే కాదనలేక..." అని ఆగిపోయాడు. "లారీ వాళ్ళ దగ్గర కొంచెం అడ్వాన్సు..."

మొక్కలు ఇంకా లారీ ఎక్కలేదు. ఎక్కాలంటే ముందు బతకాలి. బతకాలంటే నెట్ కావాలి. ఆ నెట్ కోసం తను రెండు నెలలుగా పూలు కూడా కొనకుండా దొడ్లోవి తురుముకుంటోంది. ఈయన మాత్రం తనకి చెప్పకుండా, రాబోయే పంట మీద పట్టుచీర కొనేశాడు. నాగరత్నానికి కళ్ళు మండాయి. ఏడుపు కాదు అది, కోపమే. మొగుడు శత్రువైతే బాగుండు, తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడైపోయి అందరికీ తలూపుతుంటే ఏం చెయ్యాలో ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు.

"పెట్టె లోపల పెట్టించండి వదినగారూ. నేను అది కట్టను."

"కట్టకపోతే రేపు బుట్ట దగ్గరికి రాకు." పాపాయి ఈసారి అందరికీ వినపడేలాగే అంది. "రంగేసిన మధుపర్కం కట్టుకున్న మనిషి చెయ్యి నా కూతురి బుట్ట మీద పడటానికి వీల్లేదు. నీ బదులు రమ్యశ్రీ నడుస్తుంది."

రమ్యశ్రీ కంగారుపడింది. "అయ్యో, నన్నెందుకండీ మధ్యలో లాగుతారు," అని రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా," అంది శ్రీదుర్గ.

"నువ్వు మాట్లాడకు, ముఖం పాడైపోతుంది," అంది పాపాయి.

నాగరత్నం ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు తనకి తాను ఒక మాట చెప్పుకుని వచ్చింది. చెంగు మూలనున్న ఆ గుర్తు సంగతి ఎత్తకూడదు, పెళ్ళి ఇల్లు, శుభమా అని పెళ్ళి జరుగుతోంది, ఊరుకోవాలి అని. ఆ మాట మీద గేటు దాకా వచ్చింది, గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు బుట్ట మీద చెయ్యి వెయ్యొద్దన్నాక ఇంకా ఎవరి కోసం ఊరుకోవాలి అనిపించింది. కొంగు నడుముకి బిగించింది.

"వదినగారూ, మధుపర్కానికి రంగు వేయిస్తే అశుభమన్నారు. ఒకరు కట్టి విప్పిన మధుపర్కాన్ని ఉతికి ఇంకో పెళ్ళికూతురికి కడితే ఏమవుతుందండి?"

"ఏంటా మాట?"

నాగరత్నం కుచ్చిళ్ళ పక్కన దోపుకున్న లోపలి చెంగు మూల బయటికి లాగింది. వంగపండు రంగులో కూడా ఆ గుర్తు కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది. రెండు చుక్కలు, కింద ఒక గీత. చుట్టూ చేరిన ఆడవాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళకి అదేంటో చూడగానే తెలిసింది. వెనకటికి బట్టలు రేవుకి వేసే రోజుల్లో, ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరడానికి నల్లజీడి గింజ రసంతో మూల మీద గుర్తు పెట్టేవాళ్ళు. ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోదు, బట్ట చిరిగేదాకా ఉంటుంది.

"మన బట్టలు ఉతికే సత్తియ్య పెట్టే గుర్తిది," అంది నాగరత్నం. "మా అత్తారింటి గుర్తు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ ఇంట్లో ప్రతి దుప్పటి మీదా, మావయ్యగారి ప్రతి పంచె మీదా చూశాను."

"అయితే ఏంటి? నీ పెళ్ళయ్యాక రేవుకి వేసుంటావు, సత్తియ్య గుర్తు పెట్టుంటాడు."

"వెయ్యలేదండి. పెళ్ళైన మర్నాడు నేనే నీళ్ళల్లో జాడించి, నీడన ఆరేసి, మడతపెట్టి బీరువాలో పెట్టాను. మధుపర్కాన్ని ఎవరూ రేవుకి వెయ్యరు. పసుపు నీళ్ళు తొక్కుడులో పడకూడదని ఆ రోజు మీరే చెప్పారు నాకు, మీకు గుర్తుండాలి. మరి రేవుకి వెళ్ళని చీర మీదకి రేవు గుర్తు ఎలా వచ్చింది? నాకు కట్టబెట్టే ముందే వెళ్ళొచ్చింది కనక."

పాపాయి ఆ చెంగు మూల మీదకి వంగి చూసింది.

"ఆ రోజు పందిట్లో పళ్ళెం పట్టుకుని వచ్చింది మీరే. మా అమ్మతో ఏమన్నారో నాకు ఇప్పటికీ గుర్తే. మధుపర్కాలు మేమే తెస్తాం, అది మా ఇంటి ఆనవాయితీ, మీ అమ్మాయి కోసం పాతిక కొట్లు తిరిగాం అన్నారు. మా అమ్మ పొంగిపోయింది. ఆ పాతిక కొట్లూ ఎక్కడున్నాయండి వదినగారూ? అందులో ఏ కొట్టు వాడు ఉతికిన చీర అమ్మాడు?"

పాపాయి ముఖం ఎర్రబడింది. "కొట్లు తిరిగామని మాటవరసకి అన్నాను. పళ్ళెం అమ్మ ఇస్తే పట్టుకొచ్చాను. అంతకుమించి నాకేం తెలియదు. నేను కట్టింది నీకిచ్చానంటావా? నా మధుపర్కం కొత్తది. గంజి కూడా విరగలేదు, నాకు బాగా గుర్తు."

"మీరిచ్చారనలేదు. ఎవరిచ్చినా నాకు బాధ లేదు కూడా." నాగరత్నం చెంగు మూల ఇంకా చేత్తో పట్టుకునే ఉంది. "ఉన్నదానితో సరిపెట్టుకోవడం తప్పని నేననను. నేను చేసిందీ అదే. కానీ మీ ఇంట్లో చేస్తే ఆనవాయితీ, నేను చేస్తే అశుభమా? మీరు దాచిపెట్టి చేశారు, నేను పదిమందిలో కట్టుకుని నిలబడ్డాను. సిగ్గుపడాల్సింది నేనా?"

దివాను మీద తమలపాకుల పళ్ళెం పక్కకి జరిగిన చప్పుడైంది. మంగాయమ్మగారు మెల్లగా లేచి, మోకాలు పట్టుకుంటూ వచ్చి, కోడలి చేతిలోంచి చెంగు అందుకున్నారు. ముక్కు దగ్గరగా పెట్టుకుని చూశారు. ఆ రెండు చుక్కల్నీ బొటనవేలితో ఒకసారి రాశారు.

"ఇది సత్తియ్య పెట్టింది కాదు. వాళ్ళ నాన్న పెట్టింది," అన్నారు. "సత్తియ్య గీత వంకరగా పెడతాడు. ఇది తిన్నగా ఉంది. అప్పటికి సత్తియ్య ఇంకా పనిలోకి రాలేదు."

"అప్పటికంటే ఎప్పటికమ్మా?" అంది పాపాయి.

"నా పెళ్ళికి. ఇది నా మధుపర్కం."

తను ఆడపడుచు మీద గురిపెట్టిన రాయి అత్తగారికి తగిలిందని అర్థమై నాగరత్నం చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. మంగాయమ్మగారు మాత్రం రాయి తగిలిన మనిషిలా లేరు. ఎప్పటినుంచో మోస్తున్న బరువేదో దించుకుంటున్నట్టు దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

"నీ పెళ్ళి కుదిరినప్పుడు వరుసగా రెండేళ్ళు పంట పోయింది పాపాయీ. నగలకే మీ నాన్న తలకిందులయ్యాడు. వియ్యాలవారి దగ్గర మాట పడకూడదని, మధుపర్కాలు మేమే తెస్తాం, మా ఆనవాయితీ అని ఒక మాట అనేశాను. ఆనవాయితీ అంటే ఎవరు అడ్డం చెబుతారు? కాపురానికొచ్చిన కొత్తల్లో తెలియక రేవుకి వేసిన నాది బయటికి తీసి, చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి, కొత్త కవర్లో పెట్టి నీకు కట్టాను. గంజి విరగలేదని ఇప్పుడు నువ్వే అన్నావుగా. విరగదు, నేను పెట్టిన గంజి అలాంటిది."

"నాకా?" పాపాయి గొంతు పీలగా వచ్చింది. "నేను కట్టుకున్నది కూడా ఇదేనా?"

"ఇదే. పదహారు రోజుల పండక్కి వచ్చినప్పుడు, ఇలాంటి నేతచీరలు మా అత్తారింట్లో ఎవరూ దాచుకోరమ్మా అని నువ్వే నా దగ్గర పడేసి పోయావు. ఇంకోసారి గంజి పెట్టాను. ఈ పిల్లకి కట్టాను." కోడలి వైపు తల ఊపారు. "మొదట చేతిలో లేక కట్టబెట్టాను. రెండోసారి కూడా లేకే. కానీ నాగరత్నం పీటల మీద కూర్చుని ఉంటే ఆ అంచు చూసి నాకు నా పెళ్ళి గుర్తొచ్చింది, నీ పెళ్ళి గుర్తొచ్చింది. అప్పటినుంచి నిజంగానే ఆనవాయితీ అయిపోయింది. నీకు చెప్పాల్సింది నాగరత్నం, చెప్పలేదు. కొత్తది కాదంటే నీ కళ్ళల్లో చులకనైపోతానని భయపడ్డాను."

"చులకన ఎందుకవుతారు అత్తయ్యా," అంది నాగరత్నం. ఇప్పుడు ఆవిడకి ఆ చీర ఒంటిమీద బరువుగా అనిపించింది. ఎవరిది తను రంగులో ముంచిందో తెలిసింది.

"అది సరే," అన్నారు మంగాయమ్మగారు. ఆవిడ కళ్ళు ఈసారి కొడుకు వైపు తిరిగాయి. "ఒరేయ్ ప్రసాదూ. కోడలి బీరువా అడుగున తెల్లచీర ఉంటుంది, గుట్టుగా తీసుకురారా, సాయంత్రానికల్లా గంజి పెట్టాలి అని నీకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాను?"

"వెతికానమ్మా," అన్నాడు ప్రసాద్. "కనబడలేదు."

పాస్‌బుక్కు. నాగరత్నం పెదవి కొరుక్కుంది.

పాపాయికి ఇదంతా ఇంకా తలకెక్కలేదు. "తెల్లచీరతో ఇప్పుడేం పనమ్మా?"

"శ్రీదుర్గ మధుపర్కం నన్ను తెమ్మన్నావు కదే. పంతులుగారి ముందు గొప్పగా చెప్పాను అన్నావు. నేను తేవాల్సింది అదే." మంగాయమ్మగారు చెయ్యెత్తి కోడల్ని చూపించారు. "రేపు ముహూర్తానికి నీ కూతురు కట్టుకోవాల్సిన మధుపర్కం ఇప్పుడు నాగరత్నం ఒంటిమీద ఉంది."

అందరి చూపులూ ఆ వంగపండు రంగు మీదకి మళ్ళాయి. రమ్యశ్రీకి నవ్వొచ్చింది, చేత్తో నోరు మూసుకుంది. పాపాయి ముందు తేరుకుంది. ఏం జరిగినా ఎవర్నో ఎక్కడికో పంపించడం ఆవిడకి అలవాటు. "ఎవరైనా తాడితోట బట్టల కొట్లకి వెళ్ళండి. మంచి జరీ మధుపర్కం చూసి, ఖరీదు చూడకుండా..."

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళొద్దు."

శ్రీదుర్గ కుర్చీలోంచి లేచింది. సగం ముఖానికే రంగు పూసి ఉంది. ఒక బుగ్గ తెల్లగా, ఒక బుగ్గ మామూలుగా, చూడ్డానికి వింతగానే ఉంది కానీ ఆ క్షణంలో ఎవరూ నవ్వలేదు. మెహందీకి ఒక రంగు, సంగీత్‌కి ఒక రంగు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి అని వారం రోజులుగా ఎవరేది తొడిగితే అది తొడుక్కున్న పిల్ల, ఈ పెళ్ళిలో మొదటిసారి తన నోరు తెరిచింది.

"అమ్మమ్మ కట్టింది, నువ్వు కట్టావు, అత్త కట్టింది. నాకు మాత్రం ఎవరో తాడితోట నుంచి తెస్తారా? నాకు అదే కావాలి."

"అది వంగపండు రంగే," అంది పాపాయి ఏడుపు గొంతుతో. "పీటల మీద మధుపర్కం తెల్లగా ఉండాలి. వియ్యాలవారు ఏమనుకుంటారు?"

"రంగు సరిపోతే చాలని నువ్వే అన్నావుగా. నాకు సరిపోయింది." శ్రీదుర్గ నాగరత్నం దగ్గరికి వచ్చి, చిన్నప్పటిలాగే ఆవిడ కొంగు చివర పట్టుకుంది. ఈసారి చేతులకి మట్టి లేదు, గోరింటాకు ఉంది. "అత్తా, దీన్ని నాకిస్తావా? నువ్వు బుట్ట పక్కన లేకపోతే నేను బుట్టలో కూర్చోను. అది వేరే సంగతి. చీర మాత్రం కావాలి."

నాగరత్నానికి కళ్ళు నిండాయి. ఇవ్వనని ఎలా అంటుంది? అనదు. కానీ ఇస్తే? ఆ రంగులో కట్టుకోవడానికి ఇంకో చీర లేదు. మిగిలేది బల్ల మీదున్న ఆ అట్టపెట్టె ఒక్కటే. ఏ చీర కట్టనని ఇంత రభస చేసిందో దానిలోకే వెళ్ళి దూరాలి. పాపాయికి కూడా ఆ సంగతి అప్పుడే తట్టింది. ఓడిపోయిన మనిషి ముఖంలోకి కొంచెం రంగు తిరిగొచ్చింది. పెట్టె మూత తీసి, పట్టుచీర రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఇవ్వాలిగా మరి, మేనకోడలు నోరు తెరిచి అడిగింది. ఇదిగో, నువ్వు ఇది కట్టుకో."

ప్రసాద్ అప్పుడు ఒక మాటన్నాడు. ఇరవై రెండేళ్ళలో అక్క ముందు భార్య తరఫున ఆయన అన్న మొదటి మాట అదే. "అక్కా, ఆ చీర కొట్టుకి వెనక్కిచ్చెయ్యి. నేను డబ్బు సర్దలేను. నా తోటకి నెట్ కావాలి."

నాగరత్నం ఆయన వైపు ఒక్కసారి చూసింది, అంతే. భుజం మీద పిన్ను తీసి గాజుకి గుచ్చుకుంది.

"ఇస్తానమ్మా. నీకు కాక ఎవరికిస్తాను," అని శ్రీదుర్గ బుగ్గ మీద చెయ్యి వేసింది, రంగు పూయని బుగ్గ మీద. తర్వాత పాపాయి వైపు తిరిగింది. "కానీ నేను కొత్తది కట్టను వదినగారూ. ఈ పెళ్ళికి నేను చీర కొననన్నాను, కొనను. మీ పెళ్ళి పట్టుచీర లోపల బీరువాలో ఉందిగా, తలంబ్రాల మర్నాడు కట్టుకున్నది. అది కూడా వంగపండు రంగేనని మీరే ఎన్నోసార్లు చెప్పారు. ఈ రెండు రోజులకి అది ఎరువివ్వండి. మీ చీర కట్టుకుని మీ కూతురి బుట్ట పక్కన నడుస్తాను. అప్పుడు అశుభమంటారో, ఏమంటారో మీ ఇష్టం."

చుట్టాల్లో ఎవరో "బాగుంది" అన్నారు. పాపాయి మాత్రం కదల్లేదు. చేతిలో ఉన్న కొత్త చీర మెల్లగా పెట్టెలోకి జారిపోయింది. తన పెళ్ళి చీర గురించి ఆవిడ ఈ ఊళ్ళో చెప్పని మనిషి లేడు. పుట్టింటివారు కంచి నుంచి ప్రత్యేకంగా నేయించి తెప్పించారని, అలాంటిది రాజమండ్రి మొత్తంలో ఇంకోటి లేదని. అందరూ తననే చూస్తున్నారు. ఇక తప్పదన్నట్టు ఆవిడ చెయ్యి నడుముకున్న తాళాలగుత్తి మీదకి పోయింది.

సరిగ్గా అప్పుడు మంగాయమ్మగారు నవ్వారు. వచ్చిన ఈ పది రోజుల్లో ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు.

"తియ్యవే పాపాయీ, బీరువా తియ్యి," అన్నారు. "లోపలి చెంగు కూడా తీసి అందరికీ చూపించు."